ఇక పథ్యం చాలు, నడవండి

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ పూర్తయి ఇంటికొచ్చిన ఆడమనిషికి మన ఇళ్ళలో తెలిసిన వైద్యాలు రెండే. మంచం దిగనివ్వకపోవడం ఒకటి, పథ్యం పెట్టడం రెండోది. రెండూ ప్రేమతో చేసేవే. బాలింతకూ, టైఫాయిడ్ వచ్చి లేచినవాళ్ళకూ తరతరాలుగా చేస్తున్నట్టే దీనికీ చేస్తారు. కానీ ఈ జబ్బు తర్వాత ఒంటికి కావలసింది దాదాపు అందుకు తలకిందులు. అప్పటికే కండ కరిగిపోయి ఉంటుంది. భుజం బిగుసుకుపోయి ఉంటుంది. స్టెరాయిడ్ల వల్లా, కదలకపోవడం వల్లా బరువు పెరిగి ఉంటుంది. పైగా ఎముకల్ని పలచన చేసే మాత్రలు చాలామందికి అప్పుడే మొదలవుతాయి. వీటిలో ఏ ఒక్కటీ మంచం మీద బాగుపడేది కాదు.

నేను తెనాలిలో హైస్కూలు టీచరుగా చేసి రిటైరయ్యాను. డెబ్బై దాటాయి. ఉద్యోగంలో ఉండగానే ఈ జబ్బు వచ్చింది, తగ్గింది. అప్పటినుంచి మా ఊళ్ళోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ ఎవరికి ఇది వచ్చినా కబురు చేస్తారు, వెళ్ళి కూర్చుంటాను. మన దేశంలో ఆడవాళ్ళకు వచ్చే క్యాన్సర్లలో ఇప్పుడు ఇదే మొదటిది. 2022లో ఒక్క ఏడాదిలోనే సుమారు 1,92,000 మందికి కొత్తగా వచ్చిందని అంచనా. వాళ్ళ పక్కన కూర్చుని చెప్పినవే ఇక్కడ వరసగా రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. మీ డాక్టరు చెప్పినదానికీ నేను చెప్పినదానికీ తేడా వస్తే డాక్టరు మాటే వినండి.

1. నీరసం తగ్గాక నడుద్దామనుకుంటే నీరసం తగ్గదు

కీమో నీరసం మామూలు అలసట కాదు. రాత్రంతా పడుకుని లేచినా ఒళ్ళు తేలికపడదు. రెండు చీరలు మడతపెడితే చాలు, కూలబడాలనిపిస్తుంది. మామూలు అలసట విశ్రాంతితో పోతుంది. ఈ నీరసం మాత్రం పడుకున్నకొద్దీ పెరుగుతుంది, నడిచినకొద్దీ తగ్గుతుంది. చాలా దేశాల్లో, చాలామంది రోగుల మీద పరీక్షించి తేల్చిన సంగతి ఇది. 2019లో వివిధ దేశాల నిపుణులు ఆ పరిశోధనలన్నీ ముందేసుకుని ఒక లెక్క చెప్పారు. వారానికి మూడు రోజులు, రోజుకు 30 నిమిషాల నడకలాంటి వ్యాయామం, దాంతోపాటు వారానికి రెండుసార్లు కండ బలపడే కసరత్తు. ఇలా 8 నుంచి 12 వారాలు చేస్తే నీరసం తగ్గుతుందని, దిగులూ ఆందోళనా తగ్గుతాయని, సొంత పనులు చేసుకునే శక్తి వస్తుందని వాళ్ళు తేల్చారు.

ముప్పై నిమిషాలనగానే చాలామందికి గుండె జారుతుంది. మొదటి వారం ఐదు నిమిషాలే నడవండి. పొద్దున ఐదు, సాయంత్రం ఐదు. ఇంటి ముందు వీధిలో ఆ చివరిదాకా వెళ్ళి రావడం. తర్వాతి వారం ఇంకో రెండు నిమిషాలు కలపండి. నిన్న ఎక్కువ నడిచి ఇవాళ మంచాన పడటం కన్నా, రోజూ కొంచెం నడవడమే మేలు. వేగం ఎంతుండాలో తెలుసుకోవడానికి గడియారం అక్కర్లేదు. పక్కనున్న మనిషితో మాట్లాడగలగాలి, పాట పాడబోతే మాత్రం ఊపిరి చాలకూడదు. అంత వేగం సరిపోతుంది.

మన ఎండల సంగతి మీకు చెప్పక్కర్లేదు. మార్చి దాటితే పొద్దున ఆరున్నరకల్లా నడక అయిపోవాలి. వానాకాలంలో వరండాలోనో, హాల్లోనో ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచినా అది నడకే.

కొన్ని రోజులు మాత్రం నడక వద్దు. కీమో జరుగుతున్నప్పుడు జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే నడక మాట అటుంచి వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేయాలి. కళ్ళు తిరిగినా, గుండె దడగా ఉన్నా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆపేయాలి. డోక్సోరూబిసిన్, ట్రాస్టుజుమాబ్ లాంటి మందులు కొందరిలో గుండె బలాన్ని తగ్గిస్తాయి. అవి తీసుకున్నవాళ్ళు ఎకో రిపోర్టు డాక్టరుకు చూపించి, ఎంతదాకా నడవవచ్చో అడగాలి. జబ్బు ఎముకలకు పాకినవాళ్ళు అడగకుండా ఏ కసరత్తూ మొదలుపెట్టకూడదు.

2. భుజం సంగతి రేపటికి వాయిదా వేయవద్దు

ఆపరేషన్ అయిన మర్నాటి నుంచే పిడికిలి మూసి తెరవడం, మోచెయ్యి మడిచి చాపడం చేయిస్తారు. డ్రెయిన్ గొట్టం ఉన్నన్నాళ్ళు చెయ్యి భుజం ఎత్తు దాటనివ్వవద్దని చెబుతారు. గొట్టం తీశాక చెయ్యి పైకెత్తాలి. అయితే చాలామంది మనసులో ఆ 'వద్దు' ఒక్కటే మిగిలిపోతుంది. ఆ చేతిని ఒడిలో పెట్టుకునే కూర్చుంటారు. రెండు నెలలు గడిచేసరికి జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి పోదు, వంటింట్లో పై అరలో డబ్బా అందదు. రేడియేషన్ ఇచ్చేటప్పుడు చెయ్యి తల పైకి పెట్టి కదలకుండా పడుకోవాలి. భుజం బిగుసుకుపోయినవాళ్ళకు అదొక నరకం.

సర్జన్ సరేనన్న రోజు నుంచి ఇది చేయండి. గోడకు ఎదురుగా నిలబడి, వేళ్ళను సాలీడు పాకినట్టు గోడ మీద పైకి పాకించండి. ఎంతవరకు వెళ్ళిందో పెన్సిల్‌తో గీత పెట్టండి. తర్వాత వెల్లకిలా పడుకుని రెండు చేతులతో కర్ర పట్టుకుని తల వెనక్కి తీసుకెళ్ళండి. మంచి చెయ్యి ఆపరేషన్ అయిన చేతికి సాయం పడుతుంది. రోజుకు రెండు మూడు విడతలు, విడతకు ఐదు నుంచి పదిసార్లు. లాగినట్టుంటే పరవాలేదు. పొడిచినట్టు నొప్పి వస్తే అక్కడ ఆగండి.

కొందరికి చంకలోంచి మోచేతి దాకా, ఒక్కోసారి మణికట్టు దాకా, చర్మం కింద తాడులా బిగుసుకుని తగులుతుంది. నరం పట్టేసిందని చెప్పి నాటు వైద్యుడి దగ్గరకు వెళ్ళి గట్టిగా మర్దన చేయించుకోవద్దు. అది నరం కాదు. ఆపరేషన్ తర్వాత గట్టిపడ్డ లింఫ్ నాళాలని వైద్యులు చెబుతారు. నెమ్మదిగా సాగదీసే కసరత్తుతో సాధారణంగా కొన్ని వారాల్లో, నెలల్లో సడలిపోతుంది. ఫిజియోథెరపిస్టుకు చూపించండి.

రేడియేషన్ అయిపోయాక కూడా నెలల తరబడి ఆ చోటు బిగుస్తూనే ఉంటుంది. చెయ్యి పూర్తిగా లేస్తోంది కదా అని ఆపేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. ఏడాది దాటినా నేను గోడ దగ్గరి కసరత్తు మానలేదు. ఇప్పటికీ స్నానానికి ముందు చేస్తాను.

3. ఆ చెయ్యి కూడా బరువు ఎత్తాలి

"ఆ చేత్తో బిందె ఎత్తకు, సంచీ పట్టుకోకు, బిడ్డనెత్తుకోకు" అని మా కాలంలో గట్టిగా చెప్పి పంపేవారు. కారణం ఉంది. చంకలో గ్రంథులు తీసేస్తే చేతిలోంచి లింఫ్ ద్రవం బయటకు పోయే దారి తగ్గుతుంది. కొందరికి ఆ ద్రవం నిలిచి చెయ్యి ఉబ్బుతుంది. బరువులు ఎత్తితే ఆ వాపు పెరుగుతుందని అందరూ నమ్మేవారు.

అమెరికాలో క్యాథరిన్ ష్మిట్జ్ బృందం ఆ నమ్మకాన్ని పరీక్షించి 2009లో ఫలితాలు వెల్లడించింది. అప్పటికే చెయ్యి వాచి ఉన్న 141 మంది ఆడవాళ్ళను రెండు జట్లు చేసి, ఒక జట్టు చేత వారానికి రెండుసార్లు బరువులు ఎత్తించారు. చాలా తక్కువ బరువుతో మొదలుపెట్టి, మెల్లగా పెంచుతూ, వాపు తగ్గించే స్లీవ్ తొడిగించి చేయించారు. ఏడాది తర్వాత చూస్తే చెయ్యి వాపు రెండు జట్లలోనూ ఒకేలా ఉంది. వాపు ఉన్నట్టుండి ఎక్కువై బాధపెట్టడం మాత్రం బరువులు ఎత్తినవాళ్ళలో సగానికి తగ్గింది. ఈ సంగతి ఇంకా మన ఊళ్ళకు చేరలేదని నా బాధ. ఎన్నో ఇళ్ళలో మంచి చేతులు అనవసరమైన భయంతో పనికిరాకుండా పోతున్నాయి.

డంబెల్స్ కొనక్కర్లేదు. అర లీటరు నీళ్ళ సీసాతో మొదలుపెట్టండి. రెండు మూడు వారాలు ఏ ఇబ్బందీ లేకపోతే లీటరు సీసా పట్టుకోండి. కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం తొడలకు మంచి కసరత్తు. గోడకు రెండు చేతులు ఆనించి వంగి లేవడం ఛాతీకి. ఇలా నాలుగైదు రకాలు, వారానికి రెండు రోజులు. చెయ్యి వాచి ఉన్నవాళ్ళు మాత్రం మొదట ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని, స్లీవ్ వేసుకునే చేయాలి.

వాపు మొదలైందని మొదట చెప్పేవి మన గాజులే. నిన్న వదులుగా ఉన్న గాజు ఇవాళ బిగిసినా, ఉంగరం ఊడిరాకపోయినా, జాకెట్టు చెయ్యి పట్టేసినా ఆ వారంలోనే చూపించుకోండి. మొదట్లో అయితే వాపు తేలిగ్గా అదుపులోకి వస్తుంది. ఆ చేతి చర్మం జాగ్రత్త. కత్తితో తెగినా, నూనె చిట్లినా, దోమ కుట్టి గోకినా సబ్బుతో కడిగి మందు రాయండి. అంట్లకూ, తోటపనికీ రబ్బరు గ్లోవ్స్ వేసుకోండి. చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే అది ఇన్‌ఫెక్షన్. తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాలి.

4. కంచంలో అన్నం తగ్గాలి, పప్పు పెరగాలి

జబ్బుపడి లేచిన మనిషికి మనం పెట్టే బలమైన తిండి ఏమిటి? మెత్తటి అన్నం, చారు, హార్లిక్స్, పళ్ళరసం, బ్రెడ్డు. అన్నీ పిండి, చక్కెర. కండ మళ్ళీ కట్టడానికి కావలసిన మాంసకృత్తులు ఇందులో బొత్తిగా తక్కువ.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార సూచనలు విడుదల చేసింది. 2,000 కేలరీలు అవసరమయ్యే మనిషి రోజంతటికీ 250 గ్రాముల బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు, 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పళ్ళు, 85 గ్రాముల పప్పులు లేదా గుడ్లు, చేప, మాంసం, 35 గ్రాముల గింజలు, 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు, 27 గ్రాముల నూనె తీసుకోవాలంది. అవన్నీ వండక ముందు తూకాలు. యాభై, అరవై దాటి, ఎక్కువ కదలని మనకు అన్నం ఇంకా తక్కువ సరిపోతుంది. ఒకసారి మీ ఇంట్లో మధ్యాహ్నం వడ్డించిన కంచం చూడండి. కూర కన్నా అన్నమే రెట్టింపు ఉంటుంది, పప్పు రెండు గరిటెలకు మించదు.

శరీర బరువు కిలోకు రోజుకు ఒక గ్రాము మాంసకృత్తులన్నా అందేలా చూసుకోవాలని డైటీషియన్లు చెబుతారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు ఈ లెక్క వేరు. అరవై కిలోల మనిషికి అరవై గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు. ముప్పై గ్రాముల కందిపప్పులో ఆరేడు. గ్లాసు పాలలో ఆరు. లెక్కేసి చూస్తే చారూ అన్నంతో ఎప్పటికీ అరవైకి చేరమని తెలిసిపోతుంది. అందుకని ప్రతి పూటా ఒకటి ఉండాలి. పొద్దున ఇడ్లీ బదులు పెసరట్టు, లేదా ఇడ్లీతోపాటు గుడ్డు. మధ్యాహ్నం ముద్దపప్పు నిజంగా ముద్దగా, గిన్నెడు. కూరలో శనగలో, బొబ్బర్లో. సాయంత్రం బిస్కెట్ బదులు ఉడికించిన పల్లీలు. తినేవాళ్ళకు చేప పులుసు, కోడికూర. శాకాహారులు బి12 పరీక్ష చేయించుకోవాలి. ఆ విటమిన్ ఆకుకూరల్లో, పప్పుల్లో దొరకదు.

మిగతాదంతా మనకు తెలిసిన వంటే. తోటకూర, మునగాకు, గోంగూర, బీరకాయ, దొండకాయ. ఏ విదేశీ పండూ కొనక్కర్లేదు. జామకాయ చాలు.

5. తిండికి భయపడవద్దు

పరామర్శకు వచ్చిన ప్రతి ఒక్కరూ ఒక నిషేధం చెప్పి వెళ్తారు. పంచదార క్యాన్సర్‌కు మేత అంటారు. పాలు విషం అంటారు. సోయా ముట్టకూడదంటారు. అందరి మాటా వింటే చివరికి కంచంలో ఏమీ మిగలదు. నోట్లో ముద్ద పెట్టుకునే ప్రతిసారీ, ఇదే జబ్బును తిరిగి తెస్తుందేమోనని జబ్బు నుంచి లేచిన మనిషి వణుకుతుంది. ఆ వణుకు చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

పంచదార మానేసినంత మాత్రాన కణాలకు చక్కెర అందకుండా పోదు. మనం తిన్న అన్నం నుంచీ, అవసరమైతే కాలేయం నుంచీ శరీరమే దాన్ని తయారు చేసుకుంటుంది. తీపి తగ్గించాల్సింది బరువు కోసం, షుగర్ కోసం. పండక్కి ఒక బొబ్బట్టు తిన్నందుకు ఎవరికీ జబ్బు తిరగబెట్టదు. సోయా సంగతి షాంఘైలో జరిగి 2009లో వెలువడిన పరిశోధన తేల్చింది. జబ్బు వచ్చి తగ్గిన ఐదు వేలమందికి పైగా ఆడవాళ్ళను గమనిస్తే, సోయా ఎక్కువ తిన్నవాళ్ళలో జబ్బు తిరగబెట్టడం, చనిపోవడం తక్కువగానే కనిపించాయి. మీల్ మేకర్ కూర, టోఫూ మామూలుగా తినవచ్చు. సోయా సారంతో చేసిన మాత్రలు మాత్రం వద్దు.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. అమెరికాలో 3,088 మంది మీద జరిగి 2007లో వెలువడిన పరిశోధనలో ఒక జట్టుకు కొవ్వు బాగా తగ్గించి, కూరగాయలూ పళ్ళూ చాలా ఎక్కువ పెట్టారు. ఏడేళ్ళ తర్వాత చూస్తే జబ్బు తిరగబెట్టడంలో రెండు జట్లకూ తేడా లేదు. వాళ్ళ బరువులోనూ తేడా రాలేదు. కాబట్టి ఫలానాది తిని జబ్బును ఆపుతాననుకోవడం వట్టిది. మంచి తిండి తినేది బలం కోసం, గుండె కోసం, ఎముక కోసం. అది చిన్న లాభం కాదు.

భయపడాల్సినవి వేరే ఉన్నాయి. లక్ష్మణఫలం ఆకుల కషాయం ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ అమ్ముతున్నారు. అందులోని అనోనాసిన్ అనే పదార్థం నరాల కణాల్ని దెబ్బతీస్తుందని ప్రయోగశాలల్లో తేలింది. కూరలో పసుపు మంచిదే, పసుపు సారం మాత్రలు కాలేయానికి హాని చేసిన సందర్భాలున్నాయి. పాల్బోసిక్లిబ్, రైబోసిక్లిబ్ మాత్రలు వాడేవాళ్ళు గ్రేప్‌ఫ్రూట్, పంపర పనస తినకూడదు, మందు మోతాదు రక్తంలో పెరిగిపోతుంది. ఏ పొడి, ఏ కషాయం తాగాలన్నా ముందు ఆ డబ్బా డాక్టరు బల్ల మీద పెట్టండి.

6. కీమో నాటి నిషేధాలు కీమోతోనే పోవాలి

కీమోలో రక్తకణాల కౌంట్లు పడిపోయినప్పుడు బయటి తిండి, కడగని పచ్చివి, నిలవున్నవి వద్దంటారు. అప్పుడది అవసరం. చికిత్స ముగిసి కౌంట్లు నిలబడ్డాక కూడా ఏళ్ళ తరబడి పెరుగుపచ్చడి, కీరదోస, పచ్చి ఉల్లిపాయ పెట్టని ఇళ్ళున్నాయి. చివరి కీమో తర్వాత మొదటిసారి డాక్టరును కలిసినప్పుడే "ఇంకా ఏమేం మానాలి?" అని అడిగి, ఆ జాబితా కొట్టేయించుకోండి. ఆవకాయ తినవచ్చా అని అందరూ అడుగుతారు. నోటిపూత మానాక తినవచ్చు. రోజు మొత్తం మీద ఉప్పు ఐదు గ్రాములు దాటకూడదు, అందులోకే ఆవకాయ కూడా వస్తుంది.

7. మాత్రలు మానవద్దు, కీళ్ళను కదిలించండి

హార్మోన్ మాత్రలు ఐదేళ్ళు, కొందరికి పదేళ్ళు. లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ వాడేవాళ్ళలో చాలామందికి పొద్దున్నే లేస్తే వేళ్ళు మడవలేనంత కీళ్ళ నొప్పులొస్తాయి. భరించలేక ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేసినవాళ్ళు నాకు తెలుసు. దయచేసి ఆ పని చేయవద్దు. 2015లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో ఇలాంటి నొప్పులున్న 121 మందిని తీసుకుని, ఒక జట్టు చేత ఏడాదిపాటు వారానికి 150 నిమిషాల నడక, రెండుసార్లు బరువుల కసరత్తు చేయించారు. వాళ్ళ నొప్పి 29 శాతం తగ్గింది. చేయనివాళ్ళకు తగ్గలేదు. నడకతో తగ్గకపోతే మందు మార్చడానికి డాక్టరు దగ్గర వేరే మాత్రలూ ఉన్నాయి.

లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ ఎముకల్ని పలచన చేస్తాయి. ఎముకల గట్టిదనం చూసే డెక్సా పరీక్ష ఎప్పుడు చేయించాలో అడగండి. నెలసరి ఆగినవాళ్ళకు రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములుంది, తెల్లబియ్యంలో పది కూడా ఉండదు. రాగి సంకటి, మజ్జిగ కలిపిన రాగి అంబలి, నువ్వుల పొడి, పెరుగు రోజూ ఉండాలి. తక్కువ పడిన కాల్షియానికీ, విటమిన్ డికీ మాత్రలు డాక్టరు రాస్తారు.

8. పాదాలు చూసుకోండి

పాక్లిటాక్సెల్ అనే కీమో మందు తీసుకున్నవాళ్ళలో చాలామందికి అరికాళ్ళు తిమ్మిరెక్కి స్పర్శ తెలియదు. ఎండాకాలం గుడిలో రాతి మీద ప్రదక్షిణలు చేసి, కాళ్ళు బొబ్బలెక్కినా తెలియక ఇంటికొచ్చినవాళ్ళున్నారు. స్పర్శ వచ్చేదాకా ఇంట్లోనూ చెప్పులు వేసుకోండి, రాత్రి అరికాళ్ళు అద్దంలో చూసుకోండి. వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద పది లెక్కపెట్టే వరకు నిలబడటం సాధన చేస్తే తూలడం తగ్గుతుంది.

9. ఇంట్లోవాళ్ళకు

పైన రాసినవన్నీ చాలామంది ఆడవాళ్ళకు తెలిసే ఉంటాయి. చేయలేకపోవడానికి కారణం తెలియకపోవడం కాదు, సమయం దొరక్కపోవడం. నడవడానికి వీలైన చల్లటి వేళలోనే ఇంట్లో కాఫీలు కావాలి, టిఫిన్ కావాలి, పిల్లల క్యారియర్లు కట్టాలి. కంచంలో పప్పు తక్కువ పడేదీ ఆమెకే, అందరూ తిన్నాక మిగిలింది తింటుంది కాబట్టి. చికిత్సకు లక్షలు అప్పు చేసి తెచ్చిన భర్తలు, కొడుకులు కూడా ఈ ఒక్క గంట ఆమెకు ఇవ్వాలని అనుకోరు.

అయ్యా, పొద్దున ఐదున్నర నుంచి ఆరున్నర దాకా ఆమెను వంటింట్లోకి పిలవకండి. కాఫీ మీరు పెట్టుకోండి. వీలైతే ఆమె పక్కన నడవండి. మధ్యాహ్నం మొదటి వడ్డన ఆమెకు చేయండి, పప్పూ కూరా ముందు ఆమె కంచంలో వేయండి. ఒక నెల చేసి చూడండి.